పదో తరగతి తరువాత ఐటీఐలో చేర్చవచ్చా? ఇంటి దగ్గరి ప్రైవేటు ఐటీఐ మేలా, దూరంలోని ప్రభుత్వ ఐటీఐ మేలా?

విజయనగరం జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వారి అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి 62 శాతం మార్కులతో పాసయ్యాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాశాడు కానీ మంచి ర్యాంకు రాలేదు. ఇంటర్‌లో ఎంపీసీ చదవనని, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరతానని పట్టుబడుతున్నాడు. చదువు అబ్బని వాళ్లే ఐటీఐకి వెళతారని బంధువులు అంటున్నారు. మండల కేంద్రంలో ఒక ప్రైవేటు ఐటీఐ ఉంది. రోజూ రానక్కర్లేదని, పరీక్షలకు వస్తే చాలని, సర్టిఫికెట్ సంగతి తాము చూసుకుంటామని అక్కడివారు చెప్పారట. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లాలంటే బస్సులో గంటకు పైగా పడుతుంది. ఈ పరిస్థితిలో ఏం చేయాలన్నది వారి సందేహం.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. అబ్బాయికి చేతిపని మీద నిజంగా ఇష్టం ఉంటే ఐటీఐలో చేర్చండి. అయితే మండల కేంద్రంలోని ఆ ఐటీఐలో వద్దు, గంట ప్రయాణమైనా ప్రభుత్వ ఐటీఐలోనే చేర్చండి. ఎలక్ట్రీషియన్ మంచి ట్రేడ్. రెండేళ్ల కోర్సు ముగిశాక ఏదైనా సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే ఏడాది అప్రెంటిస్‌షిప్‌ను కూడా ఈ చదువులో భాగంగానే లెక్కవేసుకుని, మొత్తం మూడేళ్లకు సిద్ధపడండి. ఇప్పుడు ఐటీఐలో చేరితే ఇక పాలిటెక్నిక్ డిప్లొమా దారి మూసుకుపోతుందన్న దిగులు అక్కర్లేదు. ఆ సంగతి కింద వివరిస్తాను.

నేను ఉత్తరాంధ్రలోని ప్రభుత్వ ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా (ఏటీవో), ఆ తరువాత ట్రైనింగ్ ఆఫీసరుగా పనిచేసి, ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేశాను. మీరు అడిగిన ప్రశ్నను అడ్మిషన్ల రోజుల్లో ఎందరో తల్లిదండ్రులు నా గదిలో కూర్చుని అడిగారు. వారికి ఏం చెప్పేవాడినో, ఎందుకు చెప్పేవాడినో అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 1950లో ప్రారంభించిన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కిందే దేశంలోని ఐటీఐలన్నీ నడుస్తున్నాయి. సిలబస్‌ను, పరీక్షలను ఢిల్లీలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ నిర్ణయిస్తుంది. కోర్సు పూర్తి చేసినవారికి నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ప్రభుత్వ ఐటీఐలో చదివినా, గుర్తింపు ఉన్న ప్రైవేటు ఐటీఐలో చదివినా చేతికి వచ్చేది ఒకే సర్టిఫికెట్. అందుకే చాలామంది తల్లిదండ్రులు కాగితం ఒకటే అయినప్పుడు దగ్గరలో ఉన్నచోట చేరిస్తే పోయేదేముందని అనుకుంటారు. పోయేది చాలా ఉంది.

పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు తప్పనిసరి అన్నది నిబంధన. రోజూ రానక్కర్లేదని చెప్పే సంస్థ ఆ హాజరును తానే వేసుకుంటుందన్నమాట. అలా వేసిన ప్రతి హాజరూ మీ అబ్బాయి చేతికి దక్కకుండా పోయిన ఒక రోజు ప్రాక్టికల్. ఐటీఐలో సగానికి పైగా సమయం వర్క్‌షాప్‌కే కేటాయించారు. ఆ గంటలను తీసేస్తే మిగిలేది కొన్ని పుస్తకాలు, ఒక పరీక్ష. రెండేళ్లు ఇంట్లో ఉండి సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రవాడిని ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఇంజినీరు నా ఎదుటే ఇంటర్వ్యూ చేశారు. బల్ల మీద మల్టీమీటర్ పెట్టి, పక్కనున్న ప్లగ్గులో వోల్టేజి ఎంత ఉందో చూసి చెప్పమన్నారు. ఆ అబ్బాయికి నాబ్‌ను ఏసీ వైపు తిప్పాలో డీసీ వైపు తిప్పాలో తెలియక చేతులు వణికాయి. ట్రేడ్ థియరీలో అతనికి మంచి మార్కులే ఉన్నాయి. ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది. కష్టపడి ఫీజు కట్టిన ఆ అబ్బాయి తండ్రి ముఖం చూడటం నాకు చాలా కష్టమైంది. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

వర్క్‌షాప్‌లో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. త్రీఫేజ్ మోటారుకు స్టార్-డెల్టా స్టార్టర్ కలపడం మా ట్రేడ్‌లో ముఖ్యమైన అభ్యాసం. మోటారులో మూడు వైండింగులు ఉంటాయి కాబట్టి బయటికి ఆరు కొసలు వస్తాయి. మొదలయ్యేటప్పుడు వాటిని స్టార్‌లో కలిపితే 415 వోల్టుల సరఫరాలో ఒక్కో వైండింగుకు సుమారు 240 వోల్టులే అందుతాయి, మొదలయ్యేటప్పుడు మోటారు తీసుకునే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. మోటారు వేగం అందుకున్నాక స్టార్టర్ దానిని డెల్టాలోకి మారుస్తుంది. ఇంతవరకు పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా చదివి రాయగలరు.

ఇప్పుడు వర్క్‌షాప్‌కు రండి. ఆ ఆరు కొసల మీద ఉండే గుర్తులను నేను కావాలనే తీసేసేవాడిని. ఏ రెండు కొసలు ఒకే వైండింగువో శిక్షణార్థి ముందు మీటరు పెట్టి కనిపెట్టాలి. ఆ తరువాత ఏది మొదలో, ఏది చివరో తేల్చాలి. ఒక్క వైండింగు తిరగబడినా, స్విచ్ వేయగానే మోటారు గుర్రుమంటుంది, వేగం అందుకోదు, కరెంటు విపరీతంగా లాగుతుంది, చివరికి రక్షణ స్విచ్ అయిన ఎంసీబీ ట్రిప్ అవుతుంది. అప్పుడు కుర్రవాడు సరఫరా ఆపి, సరఫరా నిజంగా ఆగిందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూసుకుని, కవరు తీసి, తాను ఇచ్చిన కనెక్షన్లను ఒక్కొక్కటిగా వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. నేను పక్కన నిలబడతాను, చెప్పను. అరగంట పట్టినా చెప్పను. తప్పు ఎక్కడుందో అతనే పట్టుకుని మళ్లీ కలిపి స్విచ్ వేసినప్పుడు మోటారు నున్నగా అందుకుంటుంది. ఆ తేడాను ఒకసారి చెవితో విన్నవాడు రేపు ఒక రైస్ మిల్లులో మోటారు పక్కన నిలబడి, మీటరు తీయకముందే లోపం ఏ వైపు ఉందో ఊహించగలుగుతాడు. కంపెనీలు జీతం ఇచ్చేది ఈ ఊహకే.

ఎర్తింగ్ కూడా ఇలాంటిదే. గొయ్యి తవ్వి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, నీళ్లు పోసి, ఎర్త్ టెస్టరుతో రీడింగు తీయడం ఒళ్లు అలిసే పని. దానిని ఒక్కసారైనా స్వయంగా చేసినవాడు, ఆ తరువాత ఇళ్ల వైరింగులో ఎర్త్ వైరును వదిలేయడు. మన పల్లెల్లో తడి చేత్తో మోటారు స్విచ్ ముట్టుకుని చనిపోయిన రైతుల గురించి మీరూ వినే ఉంటారు. అలాంటి చాలా మరణాల వెనుక సరైన ఎర్తింగ్ లేకపోవడం ఉంటుంది. మీ అబ్బాయి నేర్చుకునేది ఇతరుల ప్రాణాలకు సంబంధించిన పని. అది అటెండెన్స్ రిజిస్టరులో నేర్చుకునేది కాదు.

ప్రైవేటు ఐటీఐలన్నీ ఇలాంటివేనని నేను అనడం లేదు. శ్రద్ధగా నడిపే ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. వాటిలో పరిశ్రమల యాజమాన్యాలు, ట్రస్టులు నడిపే కొన్ని, పాత యంత్రాలతో లాగుకొచ్చే ప్రభుత్వ ఐటీఐల కంటే మెరుగ్గా ఉంటాయి. ఖాళీ పోస్టులతో, గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్లతో నెట్టుకొచ్చే ప్రభుత్వ ఐటీఐలూ ఉన్నాయి. కాబట్టి బోర్డు మీద పేరు చూసి కాకుండా, చేర్చేముందు వర్క్‌షాప్‌ను మీ కళ్లతో చూసి నిర్ణయించండి. పని దినాన ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, ముందుగా ఫోను చేయకుండా వెళ్లండి. చూపించబోమని అంటే అక్కడ చేర్చకండి.

లోపలికి వెళ్లాక కొత్త యంత్రాలను చూసి మురిసిపోవద్దు. వాటి మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉంటే, పిల్లల చేయి వాటి మీద పడలేదన్నమాట. మోటార్ల టెర్మినల్ బాక్సుల స్క్రూలు అరిగి ఉన్నాయా, వైరింగ్ బోర్డుల మీద ఆ వారం వేసిన కనెక్షన్లు కనిపిస్తున్నాయా, వైండింగ్ బల్ల దగ్గర రాగి తీగ ముక్కలు పడి ఉన్నాయా, వార్నిష్ వాసన వస్తోందా అన్నవి చూడండి. అవి ఉంటే పని జరుగుతున్నట్టే. రెండో సంవత్సరం కుర్రవాడిని ఒకరిని పిలిచి, పోయిన వారం ఏం చేశావు బాబూ అని అడిగి, ప్రాక్టికల్ రికార్డు చూపించమనండి. తడుముకోకుండా చెబితే అది మంచి చోటు. ఇన్‌స్ట్రక్టరు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్, అంటే ట్రేడ్ బోధించడానికి ఇచ్చే శిక్షణ, పొందారా అని మర్యాదగా అడగవచ్చు. అది అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. ఐటీఐలకు గుర్తింపు మొత్తం సంస్థకు కలిపి ఇవ్వరు, ట్రేడుల వారీగా, యూనిట్ల (బ్యాచ్‌ల) వారీగా ఇస్తారు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఒక యూనిట్‌కు 20 సీట్లు. ఫిట్టర్‌కు గుర్తింపు ఉండి, ఎలక్ట్రీషియన్‌కు లేని సంస్థ ఉండవచ్చు. రెండు యూనిట్లకు అనుమతి ఉండి అంతకంటే ఎక్కువ మందిని కూర్చోబెట్టుకున్న చోటూ ఉండవచ్చు. ఆ అదనపు పిల్లల పేర్లు కేంద్ర ప్రభుత్వ ఐటీఐ పోర్టల్‌లోకి ఎక్కవు. పరీక్ష సమయానికి గానీ ఆ సంగతి బయటపడదు. డబ్బు కట్టేముందు ఆ సంస్థకు ఏ ట్రేడ్‌లో ఎన్ని యూనిట్లు ఉన్నాయో ఆ పోర్టల్‌లో చూసుకోండి, లేదా జిల్లా ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఇక పాలిటెక్నిక్ సంగతి. మూడేళ్ల డిప్లొమా ప్రధానంగా సూపర్‌వైజరు స్థాయికి తయారుచేసే చదువు. అందులో గణితం, డ్రాయింగ్, థియరీ పాలు ఎక్కువ. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అబ్బాయికి లెక్కలంటే ఇష్టం ఉండి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చి ఉంటే నేను డిప్లొమాకే మొగ్గు చూపేవాడిని. మీ విషయంలో ర్యాంకు రాలేదు, అబ్బాయి మనసు పని మీద ఉంది. అలాంటప్పుడు పేరు కోసం ఎక్కడో దూరపు ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఫీజు కట్టి చేర్పిస్తే, మొదటి ఏడాదిలోనే బ్యాక్‌లాగులు పేరుకుని చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. అలా ఆగిపోయి, రెండేళ్లు వృథా అయ్యాక ఐటీఐకి వచ్చిన పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్లలో తెలివికి లోటు లేదు, వాళ్ల దారే వేరు.

ఐటీఐ చేసినవారికి పైచదువుల దారి తెరిచే ఉంది. రెండేళ్ల ట్రేడ్ పూర్తిచేసినవారు బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్షల ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ల్యాటరల్ ఎంట్రీగా చేరే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. అలా చేరినవారికి లెక్కలు మొదట్లో కష్టమనిపించినా, మెషీన్స్ సబ్జెక్టులలో, ల్యాబులలో వాళ్లదే పైచేయి అవుతుంది. ఇంటర్ సర్టిఫికెట్‌కు సమానమైనది కావాలనుకుంటే, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్‌తో 2016లో కుదిరిన ఒప్పందం వల్ల కొన్ని సబ్జెక్టులు రాసి దానినీ పొందవచ్చు. బోధన మీద ఆసక్తి ఉంటే, హైదరాబాదు విద్యానగర్‌లోని నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఏడాది శిక్షణ పొంది ఇన్‌స్ట్రక్టరు కావచ్చు.

ట్రేడ్ విషయంలో అబ్బాయి ఎంపికతో నేను ఏకీభవిస్తాను. నా సొంత ట్రేడ్ మీద అభిమానంతో చెబుతున్న మాట కాదిది. ఎలక్ట్రీషియన్‌కు ఫ్యాక్టరీలోనూ పని ఉంటుంది, ఊళ్లోనూ పని ఉంటుంది. మెషినిస్టుకు లేదా టర్నరుకు లేతు ఉన్న చోటే ఉపాధి. ఎలక్ట్రీషియన్ మాత్రం వైర్‌మన్ పర్మిట్ తీసుకుని సొంతంగా కూడా బతకగలడు. విద్యుత్ పంపిణీ సంస్థల్లో (డిస్కంలలో) లైన్‌మన్ స్థాయి పోస్టులకు ఈ ట్రేడ్‌తో అర్హత ఉంటుంది. 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు కూడా ఎలక్ట్రికల్, వైర్‌మన్ ట్రేడుల వారిని పిలిచి, స్తంభం ఎక్కించి, మీటరు రీడింగు తీయించి, సైకిలు తొక్కించి పరీక్షించారు. సీటు ఎలక్ట్రీషియన్‌లో రాకపోతే ఫిట్టర్ తీసుకోండి. విశాఖ చుట్టుపక్కల షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, డాక్‌యార్డు, పరవాడ, అచ్యుతాపురం ఫార్మా, రసాయన పరిశ్రమలు ఉన్నాయి కాబట్టి మన ప్రాంతంలో ఫిట్టరుకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. వెల్డర్ ఏడాది కోర్సే అయినా, చేయి కుదిరినవాడికి పైపు వెల్డింగులో మంచి భవిష్యత్తు ఉంది. కంప్యూటర్ కోర్సయిన కోపా సంగతి వేరు. ఏసీ గదిలో కూర్చునే పని అన్న ఆశతో అందులో చేరినవారిలో ఎక్కువమంది చివరికి డేటా ఎంట్రీ దగ్గరే ఆగిపోవడం చూశాను.

చేర్చేముందు ఒక పని తప్పకుండా చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అబ్బాయి కంటిచూపును, ముఖ్యంగా రంగుల గుర్తింపును పరీక్ష చేయించండి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు నిర్ణీత ట్రేడుల ఐటీఐ అర్హత సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ పిల్లలు చాలామంది దానిమీదే ఆశ పెట్టుకుంటారు. ఆ ఉద్యోగానికి కావలసింది ఏ-1 స్థాయి చూపు, అంటే అద్దాలు లేకుండానే పూర్తి చూపు ఉండాలి, రంగులు స్పష్టంగా తెలియాలి. మా దగ్గర చదివిన ఒక మెరికలాంటి కుర్రవాడు రాత పరీక్షలన్నీ నెగ్గి, మెడికల్‌లో రంగుల గుర్తింపు దగ్గర ఆగిపోయాడు. తనకు ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగా తెలియదన్న సంగతి అప్పటిదాకా అతనికే తెలియదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వైర్ల మధ్య బతకవలసిన ట్రేడ్‌కు ఈ పరీక్ష మొదటి రోజే జరగాలి. లోపం ఉంటే ఫిట్టర్ లాంటి వేరే ట్రేడ్ ఎంచుకోవచ్చు, జీవితం ఏమీ ఆగిపోదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఐటీఐ పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయకుండా ఉద్యోగాల వేటలో పడకండి. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ చేసినవారికి సాధారణంగా ఇది ఏడాది పాటు ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు కనీస స్టైపెండ్‌ను 7,000 రూపాయలుగా నిర్ణయించాయి. ఈ మొత్తాలు మారుతుంటాయి కాబట్టి చేరే సమయానికి నోటిఫికేషన్‌లో చూసుకోండి. మొత్తం చిన్నదే, దాని కోసం ఇంత గట్టిగా చెప్పడం లేదు. ఐటీఐలో మోటారు ఐదు హార్స్‌పవర్ ఉంటుంది, అది చెడిపోతే మళ్లీ బాగుచేసుకుంటాం. పెద్ద పరిశ్రమలో వందల హార్స్‌పవర్ మోటారు ఆగిపోతే ఉత్పత్తి ఆగిపోతుంది. అక్కడ పర్మిట్ తీసుకోకుండా ప్యానెల్ తెరవకూడదు, లాక్ వేయకుండా చేయి పెట్టకూడదు, సీనియరుకు చెప్పకుండా స్విచ్ వేయకూడదు. ఈ క్రమశిక్షణను ఏ ఐటీఐ కూడా పూర్తిగా నేర్పలేదు. అది పని జరిగే చోటే వస్తుంది.

అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ ముగించినవారికి రైల్వే లెవెల్-1 (మునుపటి గ్రూప్-డి) నియామకాలలో 20 శాతం పోస్టులు కేటాయిస్తున్నారు. అయితే అప్రెంటిస్‌గా తీసుకున్న సంస్థ తరువాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఇది ముందే తెలుసుకుని ఉండాలి, లేకపోతే ఏడాది చివర నిరాశ తప్పదు.

ఈ అప్రెంటిస్‌షిప్ సీట్లకు ఎంపిక ఎలా జరుగుతుందో తెలిస్తే, రోజూ ఐటీఐకి వెళ్లడం ఎందుకు ముఖ్యమో ఇంకా బాగా అర్థమవుతుంది. రైల్వేలో చాలాచోట్ల రాత పరీక్షే ఉండదు. పదో తరగతి మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు తీసి మెరిట్ జాబితా వేస్తారు. విశాఖలోని నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిసెస్ స్కూల్ నోటిఫికేషన్లలో పదో తరగతిలో కనీసం 50 శాతం, ఐటీఐలో కనీసం 65 శాతం మార్కులు అడుగుతూ వచ్చారు, ఆపైన రాత పరీక్ష కూడా ఉంటుంది. మీ అబ్బాయి పదో తరగతి మార్కులు ఇక మారవు. మార్చుకోగలిగినవి ఐటీఐ మార్కులే. 62 శాతంతో వచ్చిన పిల్లవాడు ఐటీఐలో 85, 90 శాతం తెచ్చుకుంటే ఆ సగటు అతనిని జాబితాలో చాలా పైకి తీసుకుపోతుంది. ఐటీఐ ఎలాగోలా పాసైతే చాలన్న మాట ఇంట్లో ఎవరినీ అననీయకండి.

జీతాల విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రైవేటు కంపెనీల్లో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగా ఉంటుంది. చాలావరకు కాంట్రాక్టరు కింద పని ఉంటుంది, షిఫ్టులు ఉంటాయి, విశాఖలో గది అద్దె పోగా ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు. ఈ దశలోనే చాలామంది పిల్లలు విసిగిపోయి, డెలివరీ పనుల్లో ఎక్కువ వస్తుందని ట్రేడ్ వదిలేస్తారు. ఆ రెండు మూడేళ్లు ఓపిక పట్టి, పీఎల్‌సీ (యంత్రాలను నియంత్రించే చిన్న కంప్యూటరు), డ్రైవ్‌ల (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరాలు) వంటి ఆటోమేషన్ పని మీద చేయి తిప్పుకున్నవారి పరిస్థితి ఆ తరువాత పూర్తిగా వేరుగా ఉంటుంది. మీ కుటుంబం ఆ కాలంలో అతని సంపాదన మీద ఆధారపడకుండా ఉండగలిగితే అది అతనికి మీరు చేసే పెద్ద సాయం. గల్ఫ్ ఉద్యోగాల పేరుతో ఎవరైనా వస్తే, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు కాకపోతే మాట్లాడవద్దు. నమోదైన ఏజెంటు కూడా చట్టప్రకారం 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి సర్వీసు ఛార్జీ తీసుకోకూడదు.

బంధువుల మాట గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఐటీఐ చదువు అబ్బని వారి చోటు అనుకుని పంపిన పిల్లలే మొదటి ఏడాది ఇబ్బంది పడతారు. ఓమ్ సూత్రం, భిన్నాలు, వర్గమూలాలు, యూనిట్ల మార్పిడి లేకుండా మా ట్రేడ్ ఒక్క అడుగు ముందుకు వేయదు. మీ అబ్బాయి 62 శాతం దానికి సరిపోతుంది. అడ్మిషన్‌కు ముందున్న ఈ కొద్ది వారాల్లో పదో తరగతి భౌతికశాస్త్రంలోని విద్యుత్ పాఠాన్ని, గణితంలో భిన్నాలను, శాతాలను మళ్లీ ఒకసారి చదివించండి. తరగతిలో మొదటి నెల ధైర్యంగా కూర్చోగలిగిన పిల్లవాడికి ఆ తరువాత బెదురు ఉండదు.

రోజూ గంట ప్రయాణం భారమే. ఆర్టీసీ విద్యార్థి బస్ పాస్ తీసుకోండి, జిల్లా కేంద్రంలో సంక్షేమ హాస్టల్ సీటుకు అర్హత ఉందేమో అడగండి. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రమే కాబట్టి, ఆ ప్రైవేటు సంస్థకు కట్టే డబ్బుతో పోల్చి చూస్తే ప్రయాణం ఖర్చు కలిసిపోతుంది.

దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ ఐటీఐ అడ్మిషన్ల పోర్టల్‌లో చేయాలి. సీట్లు పదో తరగతి మార్కుల మెరిట్, రిజర్వేషన్ల ప్రకారం విడతలవారీగా ఇస్తారు. మొదటి విడతలోనే ఎలక్ట్రీషియన్ సీట్లు నిండిపోతాయి కాబట్టి గడువు చివరి రోజు దాకా ఆగవద్దు. పదో తరగతి మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మెమోలోనూ ఆధార్‌లోనూ అబ్బాయి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకుని, తేడా ఉంటే ఈ వారమే ఆధార్‌లో సరిచేయించండి. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ మీద ఒకసారి తప్పు ముద్రపడితే దాన్ని దిద్దించడానికి నెలలు పడుతుంది, ఈలోగా అప్రెంటిస్‌షిప్ నోటిఫికేషన్ల గడువు దాటిపోతుంది.